పక్క బెడ్ ఆయనకు కరోనా: మామగారి డయాలసిస్ మానిపించవచ్చా?

ప్రశ్న: మా మామగారికి 61 ఏళ్ళు. షుగర్, బీపీ ఉన్నాయి. రెండేళ్ళుగా గుంటూరులోనే సోమ, బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం షిఫ్టులో డయాలసిస్ చేయిస్తున్నాం. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) 58 కిలోలు, ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి రక్తనాళాలు కలిపిన చోటు) ఉంది. రోజుకు ఒక గ్లాసు దాకా మూత్రం వస్తుంది. పోయిన బుధవారం, శుక్రవారం పక్క బెడ్ మీద ఉన్నాయనకు కరోనా అని ఇవాళ తెలిసింది. ఈయనకూ నిన్నటి నుంచి ఒళ్ళు నొప్పులు, కొద్దిగా దగ్గు, 99.4 జ్వరం ఉన్నాయి. రేపు సోమవారం. రెండు సిట్టింగులు మానేసి ఇంట్లో పడుకోబెడదామని మా అత్తగారు అంటున్నారు. కొబ్బరినీళ్ళు, కషాయం ఇస్తున్నారు. విజయవాడలో ఉన్న మా ఆడపడుచు ఏవో మాత్రల పేర్లు పంపింది. ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఏం చేయమంటారు?
(ఒక కోడలు, గుంటూరు)

సమాధానం: రేపటి డయాలసిస్ మానకండమ్మా. మీ అత్తగారి భయం అర్థమవుతోంది. కానీ మీ మామగారి విషయంలో కరోనా ఎంత ప్రమాదమో, డయాలసిస్ తప్పడం అంతకు తక్కువ ప్రమాదమేమీ కాదు. పైగా అది ఇంకా వేగంగా మీద పడుతుంది. శుక్రవారం నుంచి సోమవారం దాకా ఉండే ఖాళీయే వారంలో అన్నిటికన్నా పెద్దది. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవారిలో గుండె ఆగిపోవడాలు, ఆయాసంతో ఆసుపత్రిలో చేరడాలు ఆ పెద్ద ఖాళీ చివరి రోజునే ఎక్కువని పరిశోధనల్లో తేలింది. సోమవారం మానేస్తే ఆ ఖాళీ అయిదు రోజులవుతుంది. రెండు సిట్టింగులూ మానేస్తే వారం.

ఒక్క లెక్క చూడండి. డయాలసిస్‌లో శరీరం నుంచి నీరు లాగే వేగం గంటకు, కిలో బరువుకు 13 మిల్లీలీటర్లు దాటకూడదంటారు. 58 కిలోల మనిషికి గంటకు సుమారు 750 మిల్లీలీటర్లు, నాలుగు గంటలకు 3 లీటర్లు. రెండు సిట్టింగులు తప్పి ఐదారు కిలోల నీరు చేరితే అదంతా ఒక్కసారి తీయడం కుదరదు. బలవంతంగా తీస్తే బీపీ పడిపోతుంది, కాళ్ళు పట్టేస్తాయి, గుండెకు రక్తం చాలదు. తీయకపోతే ఆ నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఇక పొటాషియం సంగతి. నీరు పెరిగితే వాపు, ఆయాసం కనిపిస్తాయి. పొటాషియం పెరిగితే చాలామందికి ఏ లక్షణమూ తెలియదు, ఉన్నట్టుండి గుండె లయ తప్పుతుంది.

అయితే చెప్పకుండా మామూలుగా వెళ్ళి షిఫ్టులో కూర్చోబెట్టడం కూడా తప్పే. ఈ రోజే యూనిట్ ఇన్‌ఛార్జికో, టెక్నీషియన్‌కో ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పండి: పక్క బెడ్ ఆయనకు కరోనా వచ్చింది, మామగారికి నిన్నటి నుంచి జ్వరం, దగ్గు ఉన్నాయి, టెస్టు ఇంకా కాలేదు. ముందే తెలిస్తే వాళ్ళు చేయగలిగింది చాలా ఉంటుంది. ఆయన్ను ఆ రోజు చివరి షిఫ్టుకు మార్చవచ్చు, వరస చివర మూల బెడ్ ఇవ్వవచ్చు, మిగతావారికీ ఆయనకూ మధ్య కనీసం రెండు మీటర్ల దూరం పెట్టవచ్చు, ఆయన్ను చూసే టెక్నీషియన్ వేరొకరి దగ్గరికి వెళ్ళకుండా చూడవచ్చు. చివరి షిఫ్టు ఎందుకంటే ఆ తర్వాత గది ఖాళీ అవుతుంది, కిటికీలు తీసి బెడ్లు, మిషన్ పైభాగం హైపోక్లోరైట్‌తో తుడవడానికి సమయం దొరుకుతుంది. పిలిచేదాకా వెయిటింగ్ హాల్లో కూర్చోకుండా కారులోనో ఆటోలోనో ఆగండి. మనిషికి ఎన్95 మాస్కు ఉండాలి, ముక్కు కింద కాదు, ముక్కు పైన. మిషన్ మీద ఉన్న నాలుగు గంటలూ ఏమీ తినకపోతే మంచిది. ఇడ్లీ పొట్లం విప్పాలంటే మాస్కు తీయాల్సిందే. పైగా డయాలసిస్ మధ్యలో తింటే కొందరికి బీపీ పడిపోతుంది కూడా. షుగర్ ఉంది కాబట్టి బయల్దేరే ముందే తినిపించండి. గ్లూకోజ్ పొడి మాత్రం చేతిలో ఉండాలి.

‘పాజిటివ్ అయితే మా దగ్గరకు రావద్దు’ అని యూనిట్ వాళ్ళు అంటే, ‘సరే, ఎక్కడ చేస్తారో చెప్పండి’ అని నిలబడి అడగండి. కరోనా ఉన్నవారికి డయాలసిస్ ఎలా చేయాలో కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్‌లోనే మార్గదర్శకాలిచ్చింది. రోగిని నడిరోడ్డు మీద వదిలేయమని అందులో ఎక్కడా లేదు. వేరే చోటికి మారాల్సి వస్తే ఆసుపత్రిలోని ఎన్టీఆర్ వైద్య సేవ కౌంటర్లో ముందే మాట్లాడి పెట్టుకోండి. కార్డు మీద చేయించుకునేవాళ్ళకు చోటు మారినప్పుడు కాగితాల దగ్గరే ఒక పూట పోతుంది. ఆఖరి మూడు డయాలసిస్ షీట్లు, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి రిపోర్టులు ఒక కవర్లో పెట్టి ఉంచండి. అవి లేకుండా ఏ కొత్త యూనిట్టూ మిషన్ ఎక్కించదు.

ఇక అసలు భయం సంగతి. 2020లో, టీకాలు రాకముందు, డయాలసిస్ మీద ఉన్నవారికి కరోనా వస్తే ఇంచుమించు అయిదుగురిలో ఒకరు చనిపోయారని యూరప్ దేశాల లెక్కలు చెప్పాయి. ఇప్పుడు పరిస్థితి అంత లేదు. టీకాలు పడ్డాయి, చాలామందికి ఒకటి రెండుసార్లు వచ్చి పోయింది, వైరస్ తీరూ మారింది. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితిని ఎత్తేసింది కూడా. కానీ వైరస్ పోలేదు. 2025 మే, జూన్ నెలల్లో మన దేశంలో కేసులు మళ్ళీ పెరగడం మీరు చూసే ఉంటారు. మామూలు మనిషికి నాలుగు రోజుల జలుబుగా పోయేది డయాలసిస్ మనిషికి న్యుమోనియా కావచ్చు, ఎందుకంటే కిడ్నీలు పోయాక రోగనిరోధక కణాలూ మందగిస్తాయి. మీ మామగారికి పైన షుగర్ కూడా. అందుకే ‘ఈ రోజుల్లో కరోనా ఏం చేస్తుందిలే’ అనే మాట ఆయన విషయంలో పనికిరాదు.

99.4 జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకండి. కిడ్నీలు పనిచేయనివారిలో మామూలు వేడి కూడా కొంచెం తక్కువగానే ఉంటుంది, కరోనా వచ్చినా కొందరికి పెద్ద జ్వరం రాదు. నీరసం, అన్నం సహించకపోవడం, విరేచనాలు, డయాలసిస్‌లో ఎప్పుడూ లేనంతగా బీపీ పడిపోవడం, వీటితోనే బయటపడుతుంది. ఈ రోజే టెస్టు చేయించండి. ర్యాపిడ్ టెస్టులో పాజిటివ్ వస్తే అది చాలు. నెగెటివ్ వస్తే నమ్మి ఊరుకోకుండా ఆర్‌టీపీసీఆర్ చేయించండి. రిజల్టు కోసం డయాలసిస్ ఆపవద్దు, వచ్చేదాకా పాజిటివ్ అనుకునే జాగ్రత్తలు నడపాలి.

మీ మామగారికి ఫిస్టులా ఉంది కాబట్టి ఒక చిక్కు తప్పింది. మెడలోనో ఛాతీ మీదనో క్యాథెటర్ (డయాలసిస్ కోసం రక్తనాళంలో పెట్టే గొట్టం) ఉన్న ఇతర పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి: మిషన్ ఎక్కిన అరగంట, గంటలో ఒళ్ళంతా వణుకుతూ చలిజ్వరం వస్తే అది కరోనా అనుకుని ఇంటికి తీసుకెళ్ళకండి. క్యాథెటర్లో ఇన్‌ఫెక్షన్ చేరితే సరిగ్గా అలాగే వస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కు రక్తం తీయాలి, ఆలస్యమైతే సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ఒళ్ళంతా పాకి ప్రాణం మీదికి రావడం) అవుతుంది. 2020, 2021లో ఏ జ్వరం వచ్చినా కరోనా పేరే ముందు వినిపించేది. ఆ అలవాటు ఇంకా పోలేదు.

ఆయాసం వస్తే అది నీరు పట్టడం వల్లా, ఊపిరితిత్తుల్లో కరోనా వల్లా అన్నది తేల్చుకోవాలి. ఇంట్లో దానికి అక్కరకొచ్చేది తూకం మిషన్. రోజూ పొద్దున్నే, మూత్రానికి వెళ్ళొచ్చాక, ఒకే రకం బట్టలతో తూచి రాయండి. రెండు డయాలసిస్‌ల మధ్య పెరిగే బరువు డ్రై వెయిట్‌లో 4 శాతం, అంటే మీ మామగారికి 2.3 కిలోలు దాటకుండా ఉండాలి. బరువు మూడు కిలోలు పెరిగింది, కాళ్ళు వాచాయి, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటున్నారు, బీపీ ఎక్కువగా ఉంది అంటే ముందు నీటినే అనుమానించాలి. డయాలసిస్‌లో నీరు తీయగానే ఆ ఆయాసం తగ్గుతుంది. బరువు పెద్దగా పెరగలేదు, వాపు లేదు, దగ్గు ముదిరింది, నీరు తీశాక కూడా ఆక్సిజన్ పెరగలేదు అంటే ఊపిరితిత్తులకు కరోనా పట్టినట్టు. చాలాసార్లు రెండూ కలిసే ఉంటాయి, స్కానింగులో కూడా ఒకదాన్నొకటి పోలి కనిపిస్తాయి. అందుకే స్కానింగ్ తీయించాల్సి వస్తే, వీలైతే డయాలసిస్ అయ్యాక తీయించమని అడగండి.

ఆక్సీమీటర్‌ను కుడి చేతి వేలికే పెట్టండి. ఫిస్టులా ఉన్న చేతిలో వేళ్ళకు వెళ్ళే రక్తం తక్కువ కాబట్టి అక్కడ అంకె తప్పు చూపవచ్చు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, అరచేయి వెచ్చగా ఉందో లేదో చూసి, అంకె కదలకుండా నిలిచాక రాయండి. రోజుకు నాలుగుసార్లు చాలు. 94 కన్నా తగ్గినా, గదిలో నాలుగడుగులు వేసేసరికి మూడు పాయింట్లు పడినా, మాట తడబడినా, మనిషి మగతగా ఉన్నా ఇంట్లో ఉంచవద్దు. 108కు ఫోన్ చేసేటప్పుడే ‘డయాలసిస్ పేషెంటు, కరోనా అనుమానం’ అని చెప్పండి. ఆక్సిజన్, ఐసోలేషన్, బెడ్ దగ్గరే డయాలసిస్, మూడూ ఒకేచోట ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్ళాలి. గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్‌లలో ఆ వేళకు ఎక్కడ ఖాళీ ఉందో మీ నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) చేత ఫోన్ చేయించి బయల్దేరితే తిరుగుడు తప్పుతుంది.

మీ అత్తగారికి ఒక మాట గట్టిగానే చెప్పాలి: కొబ్బరినీళ్ళు ఇప్పుడే ఆపేయండి. జ్వరమొస్తే బొండం కొట్టించడం మన ఇళ్ళలో ప్రేమ చూపించే పద్ధతి. కానీ 100 మిల్లీలీటర్ల కొబ్బరినీళ్ళలో సుమారు 200 నుంచి 250 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక బొండంలో 300 మిల్లీలీటర్లు వస్తే 600, 700 మిల్లీగ్రాములు లోపలికి పోయినట్టే. డయాలసిస్ మనిషికి రోజు మొత్తం మీద, అన్నం, కూరలు అన్నీ కలిపి, 2 గ్రాముల చిల్లరే హద్దు. రోజుకు రెండు బొండాలిచ్చి, పైగా రెండు డయాలసిస్‌లు మానేస్తే ఏమవుతుందో ఊహించండి. ఇప్పటికే ఎన్ని బొండాలు తాగారో రేపు యూనిట్లో దాచకుండా చెప్పి, మిషన్ ఎక్కించేముందు పొటాషియం చూడమనండి. ఈలోపే కాళ్ళు బరువెక్కి లేవలేకపోయినా, గుండె దడగా ఉన్నా రేపటిదాకా ఆగకండి, ఈ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి ఈసీజీ తీయించండి. బత్తాయి రసం, అరటిపండు, టమాటా చారు కూడా పొటాషియం ఎక్కువున్నవే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరులో కలిపితే అందులో 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.6 గ్రాముల ఉప్పు ఉంటాయి. విరేచనాలైనా సరే డాక్టరు చెప్పకుండా అది పట్టకండి.

కషాయాల్లో మిరియాలు, శొంఠి కొంచెం వేసిన అర గ్లాసుతో పెద్దగా ముప్పులేదు, నీటి లెక్కలో కలపాలి అంతే. తిప్పతీగ మాత్రం వద్దు. దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు 2021లో మన దేశంలోనే బయటపడ్డాయి. విటమిన్ సి మాత్రలూ వద్దు. రోజూ 500 మిల్లీగ్రాములు మింగితే కిడ్నీలు బయటకు పంపలేని ఆక్సలేట్ ఒంట్లో పేరుకుంటుంది. నోరు చప్పగా ఉందని ఆవకాయ, మాగాయ పెట్టకండి. ఆ ఉప్పుకు దాహం పెరుగుతుంది, మన గుంటూరు ఎండల్లో ఆ దాహాన్ని ఆపడం మనిషి వల్ల కాదు. బియ్యం జావ, ఇడ్లీ, నీళ్ళు వంచేసిన అన్నం, గుడ్డు తెల్లసొన పెట్టండి. జ్వరంలో ఒంట్లో కండ కరుగుతుంది, ప్రోటీన్ తగ్గించకూడదు. నీళ్ళు మామూలుగా వచ్చే మూత్రానికి పైన అర లీటరు నుంచి ముప్పావు లీటరు. జ్వరానికి చెమటపడితే కొంచెం పెంచవచ్చు, ఎంత పెంచాలో పొద్దుటి తూకమే చెబుతుంది: రోజుకు కిలో మించి పెరుగుతుంటే ఎక్కువైనట్టు.

మీ ఆడపడుచు పంపిన మాత్రల పేర్లు రాయలేదు కాబట్టి ఇప్పటికీ చేతులు మారుతున్నవాటి గురించి చెబుతాం. ఐవర్‌మెక్టిన్, హైడ్రాక్సీక్లోరోక్విన్ కరోనాకు పనిచేయవని పెద్ద పరీక్షల్లోనే తేలింది. అజిత్రోమైసిన్ వైరస్‌ను ఏమీ చేయదు, పొటాషియం ఎగుడుదిగుడుగా ఉండేవారిలో గుండె లయను పాడుచేసే వీలుంది. జ్వరానికి, నొప్పులకు పారాసెటమాల్ 650 ఒకటి, ఆరు నుంచి ఎనిమిది గంటల ఎడంతో, రోజుకు నాలుగు దాటకుండా. నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే రకం వద్దు, దానిలో సోడియం ఎక్కువ. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ అసలు ముట్టకూడదు: ఆ మిగిలిన గ్లాసు మూత్రం కూడా పోతుంది, కడుపులో రక్తస్రావమూ కావచ్చు. మందుల షాపులో ఇచ్చే జలుబు మాత్రల్లో ఫినైలెఫ్రిన్ ఉంటే బీపీ పెరుగుతుంది, అట్ట మీద చూసుకోండి.

పాజిటివ్ వస్తే నిజంగా పనికొచ్చే వైరస్ మందులున్నాయి, కాకపోతే లక్షణాలు మొదలైన తొలి అయిదారు రోజుల్లోనే వాటికి విలువ. రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కిడ్నీ రోగులకు పనికిరాదని మొదట్లో అనేవారు. 2023 జులైలో అమెరికా ఎఫ్‌డీఏ డయాలసిస్ మీద ఉన్నవారికి కూడా డోసు తగ్గించకుండా ఇవ్వవచ్చని అనుమతించింది. జబ్బు ముదరకముందు అయితే వరుసగా మూడు రోజులు: మొదటిరోజు 200, తర్వాత రెండు రోజులు 100 మిల్లీగ్రాములు. నిర్మాట్రెల్విర్, రిటోనావిర్ కలిసిన మాత్రలకు డయాలసిస్‌వారికి వేరే తగ్గించిన డోసు ఉంది. మామూలు మనిషికి రాసే చీటీతో కొనకూడదు. అందులోని రిటోనావిర్ అమ్లోడిపిన్ లాంటి బీపీ మందుల, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రల బలాన్ని పెంచేస్తుంది. కిడ్నీ మార్పిడి అయినవారు వాడే టాక్రోలిమస్‌ను విషం స్థాయికి తీసుకెళ్తుంది. కాబట్టి ఏది ఇవ్వాలన్నది మీ నెఫ్రాలజిస్టే మందుల జాబితా అంతా ముందు పెట్టుకుని నిర్ణయించాలి. డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఆక్సిజన్ తగ్గినప్పుడు మాత్రమే. ముందే మొదలుపెడితే మేలు లేదు, షుగర్ ఆకాశానికి వెళ్తుంది. 2021లో మన దగ్గర షుగర్ ఉన్న ఎందరినో బ్లాక్ ఫంగస్ ఎలా పట్టిందో మరవకూడదు.

రక్తపరీక్షల ప్యాకేజీల జోలికి వెళ్ళకండి. ఐరన్ ఇంజెక్షన్లు పడుతుంటాయి కాబట్టి డయాలసిస్ మనిషికి ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపేది) మామూలుగానే ఎక్కువ. డి-డైమర్ (రక్తం గడ్డకట్టడాన్ని సూచించేది), ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే పెరిగేది) కూడా కరోనా లేనప్పుడే పెరిగి ఉండవచ్చు. ఆ ఎర్రటి అంకెలు చూసి గాభరాపడి రక్తం పలుచన చేసే మాత్రలు మొదలుపెట్టిన ఇళ్ళున్నాయి, డాక్టరు చెప్పకుండా అది చేయకండి.

ఈ పది రోజులూ ఫిస్టులాను పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి వేళ్ళతో తాకి చూడండి. కరోనాలో రక్తం తొందరగా గడ్డకడుతుంది, జ్వరం, విరేచనాలతో బీపీ తగ్గితే ఫిస్టులా మూసుకుపోయే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. వేళ్ళ కింద తగిలే ఆ జుమ్మనే అదురు తగ్గినా, ఆగినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైన కొద్దీ తెరవడం కష్టం. డయాలైజర్ (రక్తం వడకట్టే ఫిల్టర్), ట్యూబులు మామూలుకన్నా ముందే గడ్డకట్టవచ్చు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎంత ఇవ్వాలో యూనిట్లో చూసుకుంటారు. తిండి తగ్గితే బీపీ మాత్రలు, ఇన్సులిన్ యథాప్రకారం ఇవ్వకండి. కిడ్నీలు లేనప్పుడు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తాయి, రాత్రిపూట షుగర్ పడిపోయి మనిషి లేవకపోవచ్చు. డోసు మార్పు డాక్టరునడిగి చేయండి, పడుకునేముందు ఒకసారి షుగర్ చూడండి.

పిల్లల సంగతి. డయాలసిస్ మిషన్ ద్వారా, అందులో వాడే ద్రవం ద్వారా కరోనా పాకదు, ఒకరి ఊపిరి నుంచి ఇంకొకరికి వస్తుంది. అంటే జాగ్రత్తంతా గాలి దగ్గరే. ఆయనకు కిటికీ ఉన్న గది ఇచ్చి తలుపు మూసి, కిటికీ తీసి ఉంచండి. ఒక్కరే చూసుకోవాలి, ఆ ఒక్కరూ గదిలోకి వెళ్ళేటప్పుడు ఎన్95 పెట్టుకోవాలి. వయసైన అత్తగారికన్నా మీవారో మీరో ఆ పని తీసుకోవడం మేలు. యూనిట్‌కు తోడు వెళ్ళేది కూడా అదే మనిషి. సొంత బండి లేకపోతే షేర్ ఆటో కాకుండా విడి ఆటో మాట్లాడుకోండి. పాజిటివ్ అయితే కనీసం పది రోజులు విడిగా ఉండాలి. రోగనిరోధకశక్తి తక్కువ కాబట్టి డయాలసిస్‌వారి నుంచి వైరస్ మరికొన్ని రోజులు కూడా రావచ్చు, మళ్ళీ పాత షిఫ్టులోకి ఎప్పుడు చేర్చుకోవాలో యూనిట్ డాక్టరు చెబుతారు.

తగ్గాక చాలామంది వదిలేసే పని ఒకటుంది. రెండు వారాల జబ్బులో కండ రెండు కిలోలు తరిగిందనుకోండి. యూనిట్లో ఇంకా 58 కిలోలకే నీరు తీసి ఆపుతుంటే, ఆ తరిగిన కండ స్థానంలో రెండు కిలోల నీరు లోపలే ఉండిపోతుంది. తూకంలో ఏ తేడా కనిపించదు. బీపీ పెరుగుతుంది, పడుకుంటే దగ్గు వస్తుంది. ‘కరోనా వచ్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి’ అనుకుని మందులు మారుస్తూ తిరుగుతారు. అందుకే జ్వరం తగ్గిన వారంలోపే డ్రై వెయిట్ మళ్ళీ చూడమని నెఫ్రాలజిస్టును మీరే అడగండి, అర కిలో చొప్పున దించుకుంటూ వస్తారు. హిమోగ్లోబిన్ కూడా పడి ఉంటుంది. జ్వరం ఉన్నన్నాళ్ళు ఐరన్ ఇంజెక్షన్ ఆపితే తిరిగి మొదలుపెట్టించుకోవడం మరవకండి.

టీకా చివరి డోసు ఎప్పుడు వేయించారో రాసుకుని వెళ్ళి చూపండి. డయాలసిస్‌వారిలో టీకా రక్షణ తొందరగా తగ్గుతుంది కాబట్టి మరో డోసు అవసరమా, ఎప్పుడు వేయించాలి అన్నది కోలుకున్నాక తేల్చుకోవచ్చు. ఏటా వేసే ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా కూడా అప్పుడే అడగండి. ఏదైనా సరే కుడి భుజానికే వేయించండి, ఎడమ చేయి వద్దు. హెపారిన్ పడిన రోజైతే సూది గుచ్చిన చోట అయిదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టాలి.